సాయిబన్న తెరిపించిన కండ్లు

పోయిన బుధవారం మదనపల్లెలో శీనప్ప ఫ్రేముల అంగడి మెట్టెక్కి తెర పక్కకు తీశానో లేదో, టర్పెంటు వాసన, దాని అడుగున అవిసె నూనె వాసన ముక్కుకు తగిలాయి. ఆ రెండూ కలిసిన వాసన చూసి పదకొండేళ్ళయింది. వెనక నుంచి ఎవరో మెల్లగా మునెమ్మా అని పిలిచినట్టయి తిరిగి చూశాను. టమాటా క్రేట్లు వేసుకుని యార్డుకు పోతున్న ఆటో తప్ప ఎవరూ లేరు. లోపల గోడకు ఆనించి ఒక పటం ఉంది. అది నన్ను చూడలేదు. చూడడానికి దానికి కండ్లు లేవు.

నడుము వరకు వేసిన ఆడమనిషి పటం. చిలకపచ్చ చీర, తలమీదుగా కొంగు, చేతిలో సేమ్యా గిన్నె. గాజుల మీద పడిన వెలుగు మొదలుకొని చెవి పక్కన చెదిరిన వెంట్రుక దాకా అన్నీ ఉన్నాయి. కండ్ల తావులో మాత్రం గుడ్డకు మొదట వేసే తెల్లపూత అలాగే మిగిలింది. మూసిన కండ్లు కావు, గుడ్డి కండ్లూ కావు. ఇంకా రాని కండ్లు. పటం పక్కన శీనప్ప ఒక కాగితం అంటించాడు. నాది ఐదో తరగతి చదువు. వేలు పెట్టుకుని చదివాను. ‘అమ్మకానికి. అసలైన తైలవర్ణ చిత్రం. చిత్రకారుడు మస్తాన్ సాహెబ్, పుంగనూరు వాస్తవ్యులు. నలభై ఏళ్ళ కళాప్రస్థానం.’ మస్తాన్ సాహెబ్ అంటే మా సాయిబన్నే. కింద ఇంకో పది వరుసలు. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. మా సాయిబన్న కూడా లేడు.

"ప్రస్థానమంటే యాత్రే గదప్పా శీనా? ఆయన బస్సెక్కితే వాంతి చేసుకునేటోడు. ఇంత యాత్ర ఎప్పుడు చేసినాడు?" అన్నాను.

శీనప్ప సాయిబన్న దగ్గరే బ్రష్షు పట్టడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఫ్రేములు కట్టుకుని, ఫ్లెక్సీలు చేసుకుని బతుకుతున్నాడు. నవ్వలేదు.

"నగేది కాదక్కా. కొండమీద గెస్ట్‌హౌసు కట్టినోల్లు దీన్ని తీసుకుంటామంటాండారు. కండ్లు పెట్టిస్తేనే అంట. ఇట్లే తగిలిస్తే వచ్చినోల్లు జడుసుకుంటారని. శుక్రారం షంషాదు కుప్పం నుంచి వస్తాండాది. పెట్టేది నేను. ఎట్లుండేవో సెప్పాల్సింది నువ్వు."

షంషాద్ సాయిబన్న కూతురు. పటంలో ఉన్నది ఆ పిల్ల తల్లి, జైతూన్. బిడ్డకు ఏడాదిన్నర ఉన్నప్పుడే పోయింది. ఆమెది ఒక్క ఫోటో లేదు. కుప్పంలో షంషాద్ అత్తవారిది నమాజు చేసుకునే ఇల్లు, ముఖాల పటాలు గోడకెక్కవు. అందుకే అమ్మక తప్పదు. ముందురోజే నాకు ఫోన్ చేసింది. "అది యాడికైనా పోనీ పిన్నమ్మా. పొయ్యేలోగా మా అమ్మ ముకం నిండుగా ఒక్కసారి సూడాల. ఆమె కండ్లు సూసినోల్లలో నువ్వొక్కదానివే మిగిలుండావు" అంది. మా వీధిలో ఏ పెళ్ళికి ఎవరు ఏ రంగు చీర కట్టారో కూడా నన్నే అడుగుతారు. నేను మరిచిపోతానని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. "సెప్తాలేమ్మా" అన్నాను.

సాయిబన్న లారీల వెనక నెమళ్ళు, పేర్లు వేయడంతో మొదలుపెట్టి, సినిమా హాళ్ళకు గుడ్డ బ్యానర్లు వేసే దాకా ఎదిగినవాడు. "నిచ్చెనెక్కి మూరెడు పొడుగు కన్ను ఏసినోన్ని మే నేను" అని మీసం తిప్పేవాడు. పెళ్ళయ్యాక మదనపల్లెకు వచ్చి, మండీలకు బోర్డులు రాస్తూ మా పక్కింట్లో దిగాడు. నేనప్పుడు పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే షెడ్డులో పని చేసేదాన్ని. ఆ కంపుకు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆయనది రంగుల కంపు. "నీది నాకు రాదు, నాది నీకు రాదు. ఇంతకన్నా మంచి ఇరుగుపొరుగు యాడ దొరకతాదమ్మా" అనేవాడు. జైతూన్ పిట్టగోడ మీదుగా సేమ్యా గిన్నె అందించేది. వారం రోజుల జ్వరంలో పోయింది. ఆ తరువాత షంషాద్ నా చంకలో పెరిగింది. ఆయనకు అన్నం మా పొయ్యి మీదే ఉడికేది.

కొన్నేళ్ళకు ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది పోయినవాళ్ళ పటాల పని. సదుం, బైరెడ్డిపల్లె వైపు మెట్ట పల్లెల్లో బతికుండగా ఫోటో దిగనివాళ్ళు ఆ కాలంలో చాలామంది. మనిషి పోయాక నీళ్ళు పోసి, కుర్చీలో కూర్చోబెట్టి, దవడకు గుడ్డ కట్టి, మెడలో దండ వేసి, అప్పుడు టౌన్ నుంచి ఫోటోలవాణ్ణి పిలిపించేవారు. ఆ ఫోటో కాగితంలో చుట్టుకుని సాయిబన్న దగ్గరికి వచ్చేవారు. "కండ్లు తెరిపించియ్యి సాయిబూ" అనేవారు. దవడ గుడ్డ తీసేయడం, వాలిన తల నిలబెట్టడం, చెంపలకు రంగు తేవడం ఆయనకు పెద్ద పని కాదు. కండ్ల దగ్గరే చెయ్యి ఆగిపోయేది. కొన్ని పటాలు కండ్లు లేకుండా నెలల తరబడి గోడవైపు తిరిగి నిలబడేవి. షంషాద్ చిన్నప్పుడు వాటి దగ్గరికి పోయి, గోడవైపు సందులోకి తొంగిచూసి నవ్వేది. ఎవరిని చూసి నవ్వేదో.

ఒకరోజు అన్నం గిన్నె పట్టుకుని పోయేసరికి బల్లమీద ఒక ముసలామె ఫోటో ఉంది. సదుం దగ్గర మా పుట్టింటి ఊరిది. "అయ్యో, సుబ్బక్కవ్వ గదా!" అన్నాను.

సాయిబన్న తల ఎత్తాడు. "ఎట్లుండేదమ్మా?"

"గుండ్రటి ముకం, ముక్కుకు బేసరి..."

"ముకం నాకు కనిపిస్తానే ఉండాది. అలవాటు సెప్పు."

ఆలోచించాను. "ఎవరొచ్చినా మొదట సేతులు సూసేది. ఏమన్నా తెచ్చినారా అని. ఆనెక ముకం సూసేది. ఏమీ తేకుంటే ఇంకా బాగా నగేది, అడుగుతాదేమోనని మనం అనుకోకూడదని."

ఆయన నన్ను కిటికీ ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోటో చేతికిచ్చాడు. "సూస్తా సెప్పు. ఫోటోను గాదు, అవ్వను సూస్తా సెప్పు" అన్నాడు. నేను చెబుతుంటే గుడ్డ మీద బ్రష్షు కదిలే చప్పుడు వినిపించేది. నేను ఆగితే ఆ చప్పుడూ ఆగేది.

అప్పటి నుంచి అదే పద్ధతి అయింది. నేనెరగని మనిషి పటమైతే ఇంటివాళ్ళను ముందు నా దగ్గరికి పంపేవాడు. ఒక పూటంతా వాళ్ళు చెప్పింది వినేదాన్ని. మరుసటి రోజు స్టూలు మీద కూర్చుని ఆయనకు చెప్పేదాన్ని. ఎక్కడైనా అందంగా ఉంటుందని ఒక మాట కలిపితే బ్రష్షు కింద పెట్టేసేవాడు. "అది కతమ్మా. నాకు కత వద్దు, మనిషి కావాల" అనేవాడు. గుర్తుపెట్టుకోవడం ఒక పని అని, అందులోనూ నిజాయితీ ఉంటుందని నాకు తెలిసింది ఆ స్టూలు మీదే. అంతవరకు నా జ్ఞాపకం పదిమందిని నవ్వించడానికి పనికొచ్చేది. అంతే. మసీదు దగ్గర పెద్దలు కొందరు ఆయన్ని మందలించేవారు. బొమ్మలు వేసినవాణ్ణి రేపు పైన దేవుడి ముందు వాటికి ప్రాణం పొయ్యమంటారని. ఆయన తల వంచుకుని వినేవాడు. "ప్రాణం నా కాడ యాడుండాది? కండ్లు మాత్రం అప్పు తెచ్చి పెట్టినా అంటా" అని నాతో అనేవాడు. ఎవరి దగ్గర తెచ్చావన్నా అని నేనెప్పుడూ అడగలేదు.

కండ్లు పూర్తయిన పటాన్ని పాత దుప్పటితో కప్పి కుట్టేసేవాడు. ఇంటివాళ్ళు తీసుకుపోయి, టెంకాయ కొట్టి, ఇంటి పెద్ద చేత దుప్పటి తీయించాలి. "తెరిచిన కండ్లు మొదట సొంతోల్లని సూడాల. బయటోల్లని సూడకూడదు" అని ఆయన నియమం. ఆ నియమం వల్ల అన్నేళ్ళలో పూర్తయిన పటం ఒక్కటి కూడా నేను చూడలేదు. అది మంచి ఆచారమే అనుకున్నాను.

ఒకసారి పుంగనూరు సంతలో చింతపండు బేరమాడుతుంటే ఒక ముసలామె నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఎవరో నాకు తెలియదు. నన్ను చూసి ఆమె చేతిలోని సంచి జారింది. ఉల్లిగడ్డలు దొర్లిపోతున్నా వంగలేదు.

"నువ్వెవురమ్మా?"

"మదనపల్లె, అవ్వా. యాల అడుగుతాండావు?"

"నా కొడుకు సూసినట్టు సూస్తాండావే" అంది. నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "ఇంగొకసారి సూడు. ఒక్కసారి." కొడుకు పోయి రెండేళ్ళయిందట, సాయిబు చేత పటం వేయించారట. పొద్దున లేచి కాఫీ తాగేది ఆ పటం ముందేనట. ఆమె కూతురు వచ్చి విడిపించే వరకు నా చెయ్యి వదల్లేదు. పోతూ పోతూ కూతురు కూడా వెనక్కి తిరిగి చూసి, గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి వచ్చి సాయిబన్నకు చెప్పాను. ఆయన బ్రష్షులు కడుగుతున్నాడు. కడిగినవాటినే మళ్ళీ కడిగాడు. "ముసిలోల్లకు అట్ల అనిపిస్తాదిలే" అన్నాడు.

ఆ తరువాతి ఎండాకాలం కుప్పం నుంచి పెద్ద రైతు ఇంటి పటం పని వచ్చింది. పోయినాయన పేరు మునస్వామప్ప. ఆయన భార్య రాజమ్మకు సాయిబే వచ్చి పటం నిలబెట్టాలని పంతం. ఆయనకేమో బస్సు పడదు. ఒళ్ళు కూడా బాగలేదు. "నువ్వు పోయి రామ్మా. దుప్పటి తీసేటప్పుడు బయటికొచ్చెయ్యి" అన్నాడు. పటం మోకాళ్ళ మీద నిలబెట్టుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో పోయాను. బస్సు కుదుపుకు దుప్పటి గుడ్డ నా ముఖానికి తగిలేది. తగిలిన ప్రతిసారీ లోపల నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉండి, ముఖం కిటికీ వైపు తిప్పుకునేదాన్ని.

టెంకాయ కొట్టారు. నేను గడప దాటబోయాను. రాజమ్మ నా భుజం పట్టుకుని ఆపింది. "యాడికి పోతావమ్మా, ఆయప్పని అంత దూరం ఒళ్ళో పెట్టుకోని తెచ్చినదానివి. ఈడే ఉండు" అని దుప్పటి లాగేసింది.

గోడకు ఆనుకుని ఎత్తయిన మనిషి, తెల్ల తలపాగా, గుబురు మీసం. ఆ ముఖంలో నుంచి నేను నన్ను చూస్తున్నాను. నా కుడి కంటి తెల్లగుడ్డులో పుట్టుకతో వచ్చిన ఆవగింజంత నల్లమచ్చ ఉంది. పట్టుగూళ్ళ ఆవిరి కొట్టి ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంటుంది. ఆ మచ్చ, ఆ వాలు, రెండూ ఆయన ముఖంలో ఉన్నాయి. పొద్దున అద్దంలో చూసుకుని వచ్చిన కండ్లు, చచ్చిపోయిన మగమనిషి మీసం పైన.

"అదే సూపు! అట్లే సూస్తాండె ఆయప్ప!" అని రాజమ్మ పటం కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. కొడుకులు ఏడ్చారు. కోడలు ఒక్కతే ఏడవలేదు. పటాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పటాన్ని చూసింది. చంకలో బిడ్డ తలను మెల్లగా తన భుజం వైపు తిప్పుకుంది. అన్నం తిని పొమ్మని ఎవరు అన్నా వినకుండా బయటపడ్డాను. బస్టాండు వరకు నేల చూస్తూ నడిచాను. ఎవరి ముఖంలోకి చూడాలన్నా భయమేసింది.

ఇంటికి కూడా పోకుండా నేరుగా సాయిబన్న దగ్గరికి పోయాను. నన్ను చూడగానే ఆయనకు అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"నా కండ్లు ఎన్ని ఇండ్లల్లో పెట్టినావన్నా?"

"అన్నింటిలోనూ" అన్నాడు. దాచలేదు. "సచ్చినోల్ల ఫోటోలో కండ్లు ఉండవమ్మా. బతికినోల్లవే తేవాల. నావి పెట్టి సూసినా, రాయి మాదిరి ఉండె. పోయినోల్లని తలుసుకోని సూసే సూపు నీ కాడుండాది. ఆ సూపు పెడితే ఇంటోల్లకు వాల్ల మనిషి కనిపిస్తాడు."

"అడిగి తీసుకోకూడదా?"

"అడిగింటే నువ్వు నన్ను సూసేదానివి. వాల్లని సూసేదానివి కాదు."

ఆ మాట నిజమని అప్పుడే తెలుసు. అయినా కోపం తగ్గలేదు. "ఇంగ నా కండ్లు ఎవురికీ ఇయ్యను" అని వచ్చేశాను. స్టూలు మీద మళ్ళీ కూర్చోలేదు. షంషాద్ చేత అన్నం పంపేదాన్ని, నేను పోయేదాన్ని కాదు. నేను మానేశాక ఆయన పోయినవాళ్ళ పటాలు వేయలేదు. అప్పటికే స్టూడియోలలో కంప్యూటర్ మీద కండ్లు తెరవడం వచ్చేసింది. ఆయన పని మానుకున్నాడా, పనే ఆయన్ని మానుకుందా అని ఎవరూ అడగలేదు.

షంషాద్ పెళ్ళయి కుప్పం పోయిన ఏడాది, గోడ అవతల నుంచి పిలిచాడు. తన ఇంటి మనిషి ముఖం ఎప్పుడూ వేయనివాడు జైతూన్ పటం మొదలుపెట్టాడు. పిట్టగోడ మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. గోళ్ళలో పచ్చరంగు.

"ఈ తూరి అడుగుతాండా మునెమ్మా. ఒక్కసారి వచ్చి కూసో. జైతూనుకి."

"నా కండ్లు పెట్టుకోని నీ పెండ్లాం నిన్ను సూడాలనా? నేను రాను పో అన్నా" అన్నాను.

గోడ మీద నుంచి చేతులు తీసుకున్నాడు. ఆరు నెలలకు, కూర్చున్న కుర్చీలోనే పోయాడు. ఎదురుగా పటం ఉంది, ఆయన కండ్లు తెరిచే ఉన్నాయి. మూసింది నేనే. ఆ పటాన్నీ, కిటికీ ఎదుటి స్టూలునూ శీనప్ప తీసుకుపోయి దాచాడు.

శుక్రవారం మధ్యాహ్నం షంషాద్ వచ్చింది. శీనప్ప అంగడి తలుపు ఓరగా వేసి, పటం వెలుగులో పెట్టి, రంగులు కలుపుకున్నాడు. "సెప్పక్కా. పెద్దవా, సన్నవా?"

కండ్లు మూసుకున్నాను. పిట్టగోడ వచ్చింది. గిన్నె మీద ఆవిరి, పచ్చగాజులు, చెవి పక్క వెంట్రుక, "మునెమ్మక్కా, వేడిగుండాది, పైలం" అనే గొంతు, అన్నీ వచ్చాయి. జైతూన్ తల ఎత్తింది. కుడికంట్లో నల్లమచ్చ. ఎడమ రెప్ప వాలి ఉంది.

మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అవే. భయపడి మా అమ్మను తలచుకున్నాను. పోయిన మా ఆయన్ని తలచుకున్నాను. సాయిబన్నను తలచుకున్నాను. అందరూ నా కండ్లతోనే చూశారు. కుప్పంలో ఆ దుప్పటి తీసిన రోజు నుంచి నా దగ్గర ఉన్న పోయినవాళ్ళందరి కండ్లూ తుడిచిపెట్టుకుపోయాయి. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి నాకు తెలియలేదు.

"కూతురివి సూసి పెట్టేదా అక్కా?" అన్నాడు శీనప్ప.

"అవి సాయిబన్నవి. అమ్మవి కావు" అన్నాను. ఆ మాత్రం తెలుసు. పెద్ద కండ్లమ్మా, ఒత్తు రెప్పలు, తేనె రంగు అని చెప్పేస్తే ఎవరూ కాదనేవారు లేరు. షంషాద్ చున్నీ అంచు పిడికిట్లో నలుపుతూ నా నోటి వైపు చూస్తోంది. కుప్పం నుంచి అంత దూరం వచ్చిన బిడ్డకు వేరే ఎవరి తల్లినో చేతికివ్వలేకపోయాను.

"నాకు గ్యాపకం లేదమ్మా. మీ అమ్మ అంతా ఉండాది, కండ్లు లేవు. మీ నాయన అడిగినప్పుడు ఇయ్యనంటి. ఇప్పుడు ఇద్దామంటే నా కాడ లేవు."

షంషాద్ పిడికిలి విప్పి చున్నీ వదిలింది. తరువాత మూలనున్న స్టూలు తానే తెచ్చి, పటం పక్కన వేసి, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"అయితే నీవే పెట్టమను పిన్నమ్మా. నేను లేసినప్పుడు, పడినప్పుడు నన్ను సూసింది నీ కండ్లే గదా. నాకు తెలిసినవి అవే."

ఎదురుగా నేల మీద కూర్చుంది, చిన్నప్పుడు కూర్చున్నట్టు. నేను ఆమెను చూశాను. పోయినవాళ్ళను కాకుండా బతికున్న మనిషిని చూస్తూ ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. శీనప్ప బ్రష్షు చప్పుడు వినిపిస్తూ ఉంది. తెలిసి ఇస్తే ఆ చూపు పోతుందని సాయిబన్న అన్నాడు. పోయిందో లేదో చెప్పాల్సిన మనిషి లేడు.

శీనప్ప పక్కకు జరిగాక షంషాద్ లేచి పటం ముందు నిలబడింది. ఒక అడుగు అటు వేసింది, ఒక అడుగు ఇటు వేసింది. నేను స్టూలు మీద నుంచి చూస్తున్నాను, జైతూన్ గుడ్డ మీద నుంచి చూస్తోంది. రెండు వైపుల నుంచి ఒకటే చూపు ఆ పిల్ల మీద.

"అమ్మీ" అంది షంషాద్.

నిన్న పటం కొండెక్కింది. ఎవరో తెలియనివాళ్ళ ఎదుట గోడకు ఉంటుంది. ఆ పిల్ల పటాన్ని పిలిచిందో నన్ను పిలిచిందో నేను అడగలేదు. పలికింది మాత్రం నేనే.